నాలుగో స్క్రూ

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు జరగవలసిన పనులు ఇవి:

ఒకటి: ఉదయం తొమ్మిదికి మైక్రోస్కోపు మెకానిక్ వేషంలో ల్యాబులోకి వెళ్ళాలి.

రెండు: అక్కడ ఆడిటర్‌గా పనిచేస్తున్న మన మనిషిని కోడ్ మాటతో కలుసుకోవాలి.

మూడు: రంగు ముద్ర రహస్యాన్ని బయటి దేశానికి చేరవేసిన ద్రోహిని పట్టుకోవాలి.

నాలుగు: ఆ ద్రోహి గాజమ్మ అనే టెక్నీషియన్. తొంభై శాతం ఖాయం. మిగతా పది శాతం నువ్వు పూర్తి చెయ్యాలి.

అయిదు: ఆమె చేత సంతకం పెట్టించాలి.

ఆరు: ఈ చీటీ నమిలి మింగెయ్యాలి.

చీటీ రాసింది బ్యూరో చీఫ్. ఆయన్ని ఆఫీసులో అందరూ పెద్దాయన అంటారు. అందుకున్న ఏజెంటు పేరు ఫైళ్ళలో కూడా ఉండదు. అక్కడ అతన్ని నత్త అంటారు. ఏ కేసయినా నెమ్మదిగా తేలుస్తాడనీ, నడిచిన దారంతా నోట్సు రాసుకుంటూ పోతాడనీ ఆ పేరు పెట్టారు. మొదట్లో అతనికి ఒళ్ళు మండేది. తరవాత అలవాటయింది.

"సార్, ఒక్క డౌటు," అన్నాడు నత్త, కారు వెనక సీట్లో పెద్దాయన పక్కన కూర్చుని.

"అడుగు. తొందరగా."

"రహస్యం వాళ్ళకి చేరిందని మనకెలా తెలిసింది?"

"రాత్రి 'తేనెపట్టు' అనే విదేశీ ముఠా మెసేజ్ పట్టుకున్నాం. మూడే మాటలు. 'ముద్ర మన చేతికొచ్చింది.' ఈరోజు పన్నెండింటికి నలభై పెట్టెల వ్యాక్సిన్ విమానం ఎక్కుతోంది. ప్రతి పెట్టె మీదా అసలుదని గుర్తుగా ఆ ముద్ర ఉంటుంది. విమానంలో పద్ధెనిమిది మంది నర్సులుంటారు. అంటురోగం ఉన్న కొండ ప్రాంతానికి వెళ్తోంది. ఈ సంగతి బయటెవరికీ తెలియదు."

"నలభై పెట్టెలూ చెక్ చేశారా?"

"మెషిన్ పెట్టి చూశాం. నలభైకి నలభై పాస్. ఎక్స్-రేలో చల్లబరిచే జెల్లు తప్ప ఏం కనపడదు. సీలు విప్పితే మందు పాడవుతుంది. పెట్టెల సంగతి నీకొద్దు. మనిషిని పట్టుకో."

కారు ఆగింది. నత్త మీసం సరిచేసుకున్నాడు. గమ్ము దురద పెడుతోంది.

*

ల్యాబు మూడో అంతస్తులో ఉంది. పొడుగాటి గది, తెల్లటి బల్లలు, మూలన ఏసీ నీళ్ళు కారి పడుతున్న బకెట్. నత్త తన బ్యాగు కింద పెట్టి మైక్రోస్కోపు కన్ను విప్పాడు. ఆ కంటి గొట్టంలో అతని కెమెరా ఉంది. చొక్కా జేబులో ఉన్న బాల్‌పెన్ను రికార్డరు. పిస్టల్ స్క్రూడ్రైవర్ల కింద ఉంది.

ముందు సువాసన వచ్చింది. ఆ వెనక మనిషి వచ్చింది.

సిల్కు స్కార్ఫు, ఎత్తు మడమల చెప్పులు, చేతిలో క్లిప్‌బోర్డు. నలుగురున్న గదిలో నలుగురూ తలెత్తి చూసే రకం. ల్యాబులో ఆమెని ఆడిటర్ మేడమ్ అంటారు. బ్యూరోలో కోడ్ పేరు అత్తరు.

"కిటికీ తెరిస్తే దుమ్ము వస్తుందా?" అందామె, ఎటో చూస్తూ.

"దుమ్ము లోపలే ఉంది," అన్నాడు నత్త.

కోడ్ సరిపోయింది. అత్తరు గొంతు తగ్గించింది.

"ఇంత ఆలస్యమా? పేరుకి తగ్గట్టే ఉన్నావు. అదుగో, కిటికీ పక్కన గ్లౌజులు ఉతుక్కుంటోంది చూడు, అదే గాజమ్మ. నిన్నటి నుంచి మూడుసార్లు విమానం ఎన్నింటికని అడిగింది. టెక్నీషియన్‌కి విమానంతో ఏం పని? స్క్రూలు బిగించేటప్పుడు ఎవరైనా వెనక నిలబడితే చెయ్యి ఆపేస్తుంది. ఇంకేం కావాలి నీకు?"

"మీరు స్వయంగా చూశారా?"

"ఇదేం ప్రశ్న? నన్నే ఇంటరాగేట్ చేస్తావా?" అని నవ్వింది. నవ్వులో స్నేహం లేదు.

ఇంతలో ప్రొఫెసర్ వచ్చాడు. ముద్ర కనిపెట్టింది ఆయనే. కనీసం గోడ మీద ఫ్రేము కట్టిన కాగితంలో అలా ఉంది. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది.

"ఏయ్ మెకానిక్! లెన్సు మీద వేలిముద్ర పడిందంటే ఊరుకోను. గాజమ్మా! ఆ ప్లేట్లు ఇంకా ఆరలేదా? చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం ఎప్పుడు నేర్చుకుంటావు నువ్వు?"

గాజమ్మ ప్లేట్ల వైపు తిరిగింది. యాభై దాటిన మనిషి. ఇరవై ఆరేళ్ళుగా గాజు పలకలు కడిగి, ఆరబెట్టి, బిగించడమే పని. అసలు పేరు ఎవరికీ గుర్తులేక ఆ పేరు మిగిలింది.

*

రసాయనాల స్టోరు ఆరడుగుల గది. ఒక బల్ల, ఒక కుర్చీ. కుర్చీలో నత్త కూర్చున్నాడు. గాజమ్మని నిలబెట్టాడు. బ్యూరో కార్డు చూపించాడు.

"మెకానిక్కువి కాదని ముందే అనుకున్నా," అంది గాజమ్మ. "మెకానిక్కులు లెన్సు తుడిచేముందు ఊదుతారు. నువ్వు ఊదలేదు."

"తెలివితేటలు తరవాత. ముద్ర రహస్యం ఎవరికిచ్చావు?"

"నా దగ్గరేం రహస్యముంది బాబూ? అంతా ప్రొఫెసర్ గారి కాగితంలో ఉంది. సీసాలో బంతులున్నాయి. సూదిమొన మీద వేలకి వేలు పడతాయి, అంత చిన్నవి. వాటిని జిగురునీళ్ళలో కలిపి రెండు గాజు పలకల మధ్య పోస్తాం. నాలుగు స్క్రూలు బిగిస్తాం. వాటంతటవే వరస కడతాయి. దీపం కింద పెడితే జిగురు గట్టిపడుతుంది. వరస పచ్చగా మెరుస్తుంది. అదే ముద్ర. బంతుల్లో రంగేమీ లేదు, రంగంతా వరసలోనే."

"పాఠం వద్దు. విమానం ఎన్నింటికని మూడుసార్లు ఎందుకు అడిగావు?"

గాజమ్మ పెదవి బిగించింది.

"స్క్రూలు బిగిస్తుంటే వెనక ఎవరైనా నిలబడితే ఎందుకు ఆపేస్తావు?"

ఆమె కళ్ళు నేల మీదికి దిగాయి. నత్త అది చూశాడు. ఇన్నేళ్ళ సర్వీసులో అలాంటి చూపు చాలాసార్లు చూశాడు. దాచేవాళ్ళ చూపు అది. బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. సీసాలు గలగలమన్నాయి.

"పన్నెండు లోపు చెప్పకపోతే నిన్ను మిలిటరీ కోర్టుకి అప్పజెప్తారు. అక్కడ కూర్చోబెట్టి అడగరు!"

"ఇక్కడ మాత్రం కూర్చోబెట్టావా?"

నత్త లేచి కుర్చీ ఆమె వైపు తోశాడు. ఆమె కూర్చోలేదు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి అంది:

"మా చిన్నపిల్ల ఆ విమానంలో నర్సు. ఎక్కడికెళ్తోందో ఇంట్లో చెప్పకూడదట. చెప్పలేదు. కానీ ఉన్ని మేజోళ్ళు సర్దుకుంది. ఇక్కడ పెట్టెల మీద పన్నెండు అని రాసుంది. రెండూ కలుపుకున్నా. టైం మారిందేమోనని మళ్ళీ మళ్ళీ అడిగా. తల్లిని కదా. నేను కనిపెట్టానని తెలిస్తే దాని ఉద్యోగం పోతుంది. అందుకే నోరు మూసుకున్నా."

నత్త పెన్ను ఆగింది. ద్రోహి అయితే ఆ పెట్టెలకి, ఆ విమానానికి సొంత కూతురిని అప్పజెప్పదు. "సరే. స్క్రూల సంగతి?"

ఆమె కొంగుతో వేళ్ళు తుడుచుకుంది. ఇది విమానం సంగతి చెప్పినప్పటి బాధ కాదు, ఇంకేదో సిగ్గు.

"కాగితంలో నాలుగు స్క్రూలూ పూర్తిగా బిగించమని ఉంది. నేను నాలుగోది అరచుట్టు వదులుగా వదిలేస్తా."

"ఎందుకు?"

"అన్నీ బిగిస్తే పలకల మధ్య ఊపిరాడదు బాబూ. బంతులు ఎక్కడివక్కడ ఇరుక్కుపోతాయి, వరసలో పగుళ్ళొస్తాయి. పదిట్లో నాలుగు ముద్రలు పారెయ్యాల్సి వచ్చేది. ఒక మూల కాస్త వదిలితే సర్దుకుంటాయి. మూడేళ్ళ కిందట ప్రొఫెసర్ గారికి చెప్పబోయా. 'పదో తరగతి తప్పినదానివి నాకు ఫిజిక్సు చెప్తావా' అన్నారు. అప్పట్నుంచీ ఎవరూ చూడకుండా వదులుతున్నా. కాగితం తప్పానని తెలిస్తే తీసేస్తారు."

నత్త ఒక్కసారిగా లేచాడు. "వదిలితే ముద్రలో తేడా కనిపిస్తుందా?"

"ఎందుకు కనిపించదు? మెషిన్ నడిమధ్యే చూస్తుంది కాబట్టి దానికి తెలీదు. మూలన చూడాలి. లిఫ్టు చూశావుగా? ఒక్కడే ఎక్కితే మధ్యలో నిలబడతాడు. నలుగురు ఎక్కితే నాలుగు మూలలూ పడతారు. ఎవరైనా చెప్పారా వాళ్ళకి? మనుషులు వాళ్ళే. గోడలే నిలబెడతాయి. ఇదీ అంతే. పలకల మధ్య ఒక్క బంతి పట్టేంత సందుంటే ఒకటే పొర, ఆరేసి బంతులు ఒకదాని చుట్టూ చేరి పువ్వులా ఉంటుంది. సందు పిసరంత పెరిగిందా, రెండు పొరలై చదరంగం గళ్ళలా మారిపోతుంది. ఇంకాస్త పెరిగితే మళ్ళీ పువ్వు. నా మూలలో ఆ గళ్ళు ఒక గీతలా పడతాయి. టార్చి వాల్చి చూస్తే ఎర్రగా కనిపిస్తుంది. వెంట్రుకంత గీత."

అయిదు నిమిషాల్లో నత్త మైక్రోస్కోపు ముందు ఉన్నాడు. కాగితంలో ఉన్నట్టు అన్నీ బిగించి చేసిన పాత ముద్ర ఒకటి పెట్టాడు. అంచు నుంచి అంచు దాకా పచ్చన. గాజమ్మ చేసింది పెట్టాడు. పచ్చన, పచ్చన, మూలన సన్నటి ఎర్ర గీత. గీతలోకి కన్ను దించితే బంతులు బుద్ధిగా గళ్ళు గళ్ళుగా కూర్చున్నాయి. అటూ ఇటూ పువ్వులు. అవే బంతులు.

తేనెపట్టు ముఠా దొంగిలించింది కాగితాన్ని. కాగితం ప్రకారం చేస్తే ఎర్ర గీత రాదు. అయితే నలభైలో గీత లేని పెట్టె ఒక్కటి ఉన్నా...

టైం పదకొండున్నర.

"అమ్మా," అన్నాడు. "మీరు నాతో రావాలి. టార్చి తెచ్చుకోండి."

"ఇప్పుడు 'మీరు' అయ్యానా?" అంది గాజమ్మ, టార్చి అందుకుంటూ.

*

పెట్టెలు నేలమాళిగ చల్లగదిలో ఉన్నాయి. సామాన్ల లిఫ్టులో పైకి తెచ్చి ట్రక్కు ఎక్కించి, పక్కనే ఉన్న రన్‌వేకి చేర్చాలి. ట్రాలీకి పది చొప్పున నాలుగు ట్రిప్పులు. ట్రాలీ తోసేది ప్రొఫెసరే, తన ముద్రల్ని ఇంకొకరు ముట్టుకోవడం ఆయనకి గిట్టదు. ట్రిప్పు ట్రిప్పుకీ సంతకం పెట్టాల్సింది ఆడిటర్ మేడమ్.

నత్త ఎవరికీ ఏమీ చెప్పలేదు. లిఫ్టు మోటారు చప్పుడు చేస్తోందని, తాను చూస్తానని చెప్పి కంట్రోలు తాళంచెవి తీసుకున్నాడు. గాజమ్మ లెక్క చూస్తున్నట్టు టార్చి పట్టుకుంది.

"ఏమయింది ఒప్పుకోలు?" అత్తరు అతని చెవిలో అడిగింది.

"వస్తోంది. కాస్త ఆలస్యంగా."

మొదటి ట్రిప్పు. ట్రాలీ మధ్యలో, నలుగురూ నాలుగు మూలలు. అత్తరు పెట్టెల మీద మోచెయ్యి ఆనించి స్కార్ఫు సర్దుకుంది. గాజమ్మ టార్చి వాల్చి పది పెట్టెలూ చూసి తల ఊపింది. పదింటికీ గీత ఉంది. రెండో ట్రిప్పూ అంతే. అత్తరు క్లిప్‌బోర్డుని పెట్టె మీదే పెట్టి సంతకం చేసింది.

మూడో ట్రిప్పు. ట్రాలీ లోపలికి వచ్చింది.

"నేను మెట్ల మీద వస్తా. ఇక్కడ గాలాడటం లేదు," అంది అత్తరు.

"సంతకం ఎవరు పెడతారు మేడమ్?" అన్నాడు నత్త అమాయకంగా.

ఎక్కింది. తలుపు మూసుకుంది. లిఫ్టు కదిలింది. నత్త ఆమె మొహం చూడలేదు, పాదాలు చూశాడు. రెండు ట్రిప్పుల్లోనూ నిలబడ్డ ఎడమ మూలకి ఆమె వెళ్ళలేదు. ప్రొఫెసర్ మూలలోకి దూరి, ఆయన భుజానికి అంటుకుని నిలబడింది. ఆయన ఇబ్బందిగా దగ్గాడు. నలుగురు మనుషులు, నాలుగు మూలలు. ఒక మూల ఖాళీ.

నత్త తాళంచెవి తిప్పాడు. రెండు అంతస్తుల మధ్య లిఫ్టు కుదుపుతో ఆగింది.

"గాజమ్మ గారూ, ఆ ఖాళీ మూల వైపు పెట్టె చూడండి."

టార్చి వాలింది. పచ్చన. పచ్చన. అంచు దాకా పచ్చన.

"ఇది నా చేతిది కాదు," అంది గాజమ్మ.

అత్తరు క్లిప్‌బోర్డు కింద నుంచి పిస్టల్ తీసింది. క్షణంలో అది గాజమ్మ మెడకి ఆనింది.

"లిఫ్టు నడుపు. లేకపోతే ముసల్దాన్ని కాల్చేస్తా."

"లోపల విషం పెట్టి ఉంటే నువ్వు దూరంగా నిలబడక్కర్లేదు," అన్నాడు నత్త. "బాంబు. గాల్లో పేలాలి. టైమెంతో నాకు తెలీదు. నీకు తెలుసు."

"తాళం తిప్పమన్నానా!"

నత్త తాళంచెవి ఊడబెరికాడు. లిఫ్టు గడపకీ గోడకీ మధ్య వేలెడు సందు ఉంది. అందులో జారవిడిచాడు. కింద ఎక్కడో టక్కుమంది.

"పిచ్చివాడా!" అత్తరు గొంతు కీచుమంది. అలారం బటన్ నొక్కింది. మోగలేదు. ముందే పీకేసిన వైరు నత్త చేతిలో ఉంది. ఫోన్ తీసింది. ఇనప గదిలో సిగ్నల్ లేదు.

"కాల్చు," అన్నాడు నత్త. "ముగ్గుర్నీ కాల్చు. లిఫ్టు మాత్రం కదలదు. ఇందాకటి దాకా ఇది నలభై మైళ్ళ అవతల పేలే బాంబు. ఇప్పుడు నీ మోకాలి పక్కన ఉంది. బాంబు అదే, మనిషివి నువ్వే. గోడలు దగ్గరయ్యాయి, అంతే."

ప్రొఫెసర్ జారి కూలబడ్డాడు. "నాకు పిల్లలున్నారు! నన్ను బయటికి పంపండి!"

"మాకూ ఉన్నారు సార్. నోరు మూసుకుని కూర్చోండి," అంది గాజమ్మ. మెడ మీద పిస్టల్ ఉన్న మనిషి గొంతులా లేదు. "బాబూ, తాళంచెవి పారేసి మంచి పని చేశావు. ఈ పెట్టె మా పిల్ల దాకా పోకూడదు."

నత్త నేల మీద బాసింపట్టు వేసుకుని, ఆ పెట్టెకే వీపు ఆనించి కూర్చున్నాడు. జేబులోంచి చిన్న నోట్సు పుస్తకం తీశాడు. రాసుకోవడం మొదలుపెట్టాడు. అక్షరాలు వంకరపోతున్నాయి. అయినా రాశాడు.

అత్తరు వాచీ చూసుకుంది. కాసేపాగి మళ్ళీ చూసుకుంది. నుదుటి మీద పౌడరు చారలు కట్టింది. సువాసనలో చెమట వాసన కలిసింది.

"నీకు బ్యూరో ఏమిచ్చింది?" అంది. "నత్త అని పేరు! నీకోసం ఎవడేడుస్తాడు?"

"మాట్లాడు. టైం నీదే."

మళ్ళీ వాచీ. ఇప్పుడు చూపు దాని మీదే అతుక్కుపోయింది. నత్త ఆమె పెదాలనే చూస్తున్నాడు. అవి శబ్దం లేకుండా కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

"దేవుడా!" అంటూ పిస్టల్ వదిలేసి మోకాళ్ళ మీద పడింది. పెట్టె కింది అంచు మడతలో అంకెల తాళం ఉంది. తిప్పడానికి రెండు చేతులూ కావాలి. రంగేసిన గోళ్ళు జారాయి. ఏడు. నాలుగు. మళ్ళీ నాలుగు. చివరి చక్రం బిగుసుకుపోయింది.

"ఆగు," గాజమ్మ వంగింది. "బలవంతం చెయ్యకు. కాస్త వెనక్కి తిప్పి, అప్పుడు ముందుకి. ఎంతలో ఆగాలి?"

"ఒకటి! ఒకటి!"

ఇరవై ఆరేళ్ళ వేళ్ళు చక్రాన్ని పిసరంత వెనక్కి తిప్పి, ముందుకి నడిపాయి. లోపల ఏదో క్లిక్కుమంది. అత్తరు వాచీలో ముల్లు ఆమె లెక్కపెట్టిన పన్నెండూ పదికి వచ్చింది. దాటింది.

నత్త బూటు కొనతో పిస్టల్‌ని తన వైపు లాక్కున్నాడు. అప్పుడు మాత్రం మీసం ఊడి పడింది.

*

నత్త అలారం వైరు తగిలించి మోగించాక, లిఫ్టు మెకానిక్ వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ నలుగురూ నాలుగు మూలల్లో కూర్చున్నారు. మిగతా అన్నిటికీ గాజమ్మ గీత చూశాక, ముప్ఫై తొమ్మిది పెట్టెలతో విమానం ఒంటిగంటన్నరకి ఎగిరింది. గాజమ్మ డాబా మీద నిలబడి అది చుక్కయ్యేదాకా చూసింది. ఉన్ని మేజోళ్ళ పిల్లకి ఇవేవీ తెలియవు. పద్ధెనిమిది మందిలో ఎవరికీ తెలియదు.

పెద్దాయన సాయంత్రం ఫోన్ చేశాడు.

"శభాష్. అయిదో నంబరు పని మిగిలిపోయింది. గాజమ్మ సంతకం."

"ఒప్పుకోలు దేనికి సార్? ద్రోహి ఆవిడ కాదు."

"అది కాదయ్యా. మూడేళ్ళుగా రాతపూర్వక అనుమతి లేకుండా పద్ధతి మార్చింది. మెమో ఇచ్చారు. అందుకున్నట్టు సంతకం కావాలి."

నత్త స్వయంగా మెమో తీసుకెళ్ళాడు. గాజమ్మ చదివి, ఎక్కడ పెట్టాలో అడిగి, సంతకం పెట్టింది. "తీసెయ్యలేదుగా. చాలు," అంది. మళ్ళీ గ్లౌజులు తొడుక్కుంది. మరుసటి నెల కొత్త పద్ధతి కాగితం వచ్చింది. 'నాలుగో స్క్రూ అరచుట్టు వదులుగా ఉంచవలెను.' కింద ప్రొఫెసర్ పేరు. గోడ మీద ఇప్పుడు రెండు ఫ్రేములు.

నత్త ఆ చీటీ మింగలేదు. దాని వెనక ఆమె అసలు పేరు అడిగి రాసుకున్నాడు. బ్యూరో నియమం ప్రకారం ఆ పేరు ఇక్కడ వెయ్యడానికి వీల్లేదు.

కాబట్టి చదివినవాళ్ళకి ఒక్క మనవి. ఎప్పుడైనా ఇరుకు లిఫ్టులో నలుగురు ఎక్కి, ఎవరూ చెప్పకుండానే నాలుగు మూలలకీ సర్దుకుంటే, పై అంతస్తు వచ్చేలోపు గాజమ్మని ఒకసారి తలుచుకోండి. ఆమెకి మెమో తప్ప మనం ఇంకేమీ ఇవ్వలేదు.